‘మెషీన్ హెడ్’ సౌండ్ ఎవరి పుణ్యం: హోటల్ కారిడార్‌దా, బ్యాండ్‌దా?

తీగలపిచ్చి:
ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’ గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. రికార్డ్ చేద్దామని వెళ్ళిన కెసీనో కాలిపోయింది, బ్యాండ్ రోడ్డున పడింది, మూసేసిన హోటల్ కారిడార్‌లో ఆల్బమ్ చేశారు, అందుకే అంత గొప్పగా వచ్చింది. మొదటి మూడూ నిజమే. నాలుగోదే నాకు మింగుడు పడట్లేదు. పెద్ద హోటల్ కారిడార్‌లో డ్రమ్స్ వాయిస్తే గోలగా మోగాలి కదా? ఈ రికార్డులో మోత అనేదే లేదు. డ్రమ్మర్ ఇయాన్ పైస్ స్నేర్ డ్రమ్ మీద కొడితే మన చెవి పక్కనే కొట్టినట్టుంటుంది. కష్టాలొస్తే కళ పుట్టుకొస్తుందనే సెంటిమెంటు తప్ప ఇందులో కారిడార్ మహిమ ఏముందో తెలిసినవాళ్ళు చెప్పండి.

బేస్‌బాబు:
తమ్ముడూ, కెసీనో దగ్గర మొదలుపెడితే కథ సగమే తెలుస్తుంది. దానికి ముందు ‘ఫైర్‌బాల్’ ఉంది. 1970 సెప్టెంబర్ నుంచి 1971 జూన్ దాకా, టూర్‌ల మధ్య ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు స్టూడియోకి పరుగెత్తి ముక్కలు ముక్కలుగా చేసిన ఆల్బమ్ అది. ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది గానీ బ్యాండ్‌లో వాళ్ళకే తృప్తి లేదు. స్టేజి మీద ఉన్న ఊపు రికార్డులోకి రావట్లేదని వాళ్ళ బాధ. అందుకే ఈసారి మామూలు స్టూడియో వద్దనుకున్నారు. ఒకే చోట మకాం పెట్టి, స్టేజి మీద లాగే అందరూ కలిసి వాయించి, ఏకబిగిన ముగించాలని ప్లాన్. ఇంగ్లండ్ బయట రికార్డ్ చేస్తే పన్ను కలిసొస్తుందన్న లెక్క కూడా ఉందిలే.

స్విట్జర్లాండ్‌లో మాంట్రూ ఎందుకంటే, అదే ఏడాది ఏప్రిల్‌లో అక్కడి కెసీనోలో వాయించారు. ఊళ్ళో జాజ్ ఫెస్టివల్ నడిపే క్లాడ్ నాబ్స్‌తో పరిచయం కుదిరింది. చలికాలంలో కెసీనో మూసేస్తారు, హాలంతా వీళ్ళదే. బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో ట్రక్కు, లోపల బ్యాండ్. అనుకున్నది అదీ. మూసేముందు ఆఖరి కచేరీ అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపాది, 1971 డిసెంబర్ 4న. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు.

కొత్తకుర్రాడు:
నాకు తెలీదు అన్నా. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాటలో విన్నదే. నిప్పు ఎవరు పెట్టారు? ఎవరైనా చనిపోయారా?

నల్లరేకు:
ప్రేక్షకుల్లో ఒకడు పైకప్పు వైపు ఫ్లేర్ గన్ పేల్చాడు. పైకప్పంతా వెదురూ బెత్తమూ, అంటుకోవడం ఎంతసేపు? జాపా వాయించడం ఆపి, కంగారు పడకుండా బయటికి వెళ్ళండని జనానికి చెప్పాడు. క్లాడ్ నాబ్స్ లోపలికీ బయటికీ తిరుగుతూ పిల్లల్ని బయటికి లాగాడు. ఎవరూ చనిపోలేదు, అదొక్కటే అదృష్టం. జాపా బ్యాండ్ సామానంతా బూడిదైంది. వారం తిరక్కుండానే, డిసెంబర్ 10న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో ఒకడు ఆయన్ని స్టేజి మీంచి కిందికి తోసేశాడు. నెలల తరబడి చక్రాల కుర్చీ. ఆ డిసెంబర్ ఆయనకి అచ్చిరాలేదు.

పర్పుల్ వాళ్ళు కూడా ఆ కచేరీలోనే ఉన్నారు. తర్వాత హోటల్ కిటికీలోంచి చూస్తే కెసీనో మండుతోంది, పొగ జెనీవా సరస్సు మీదికి దుప్పటిలా పరుచుకుంటోంది.

జెప్పెలిన్ భక్తుడు:
ఇంకో యాభై ఏళ్ళు ఇదే కథ చెప్పుకుని బతికేయొచ్చు మీ పర్పుల్ వాళ్ళు. ఒక్క రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస), ఒక్క అగ్నిప్రమాదం.

బేస్‌బాబు:
భక్తుడుగారూ, మీరు ఎప్పుడొస్తారా అని చూస్తున్నా. ఆల్బమ్‌లో ఏడు పాటలున్నాయి, మిగతా ఆరూ కూడా వినండి.

మైకు మాస్టారు:
తీగలపిచ్చి అడిగింది మంచి ప్రశ్న. చాలా ఏళ్ళు రికార్డింగ్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తాను.

కారిడార్ మోగేదే. వాళ్ళు మోగనివ్వలేదు. ఆ గ్రాండ్ హోటల్ చలికాలానికి మూసేసి ఉంది, హీటింగ్ కూడా లేదు. పెద్ద పెద్ద బ్లోయర్ హీటర్లు తెచ్చి పెట్టుకున్నారు. గదుల్లో ఉన్న పరుపులన్నీ లాక్కొచ్చి కారిడార్‌లో నిలబెట్టారు. పరుపు అంటే మా పనిలో బంగారం. తళుక్కుమనే పై శబ్దాలు గోడకి తగిలి వెనక్కి రాకుండా మింగేస్తుంది. దానికి తోడు మైకు వాయిద్యానికి దగ్గరగా పెడితే దెబ్బ ముందు వినిపిస్తుంది, గది వెనకబడిపోతుంది. నీకు చెవి పక్కనే కొట్టినట్టు అనిపించడానికి కారణం అదే.

ఇదంతా చేసింది మార్టిన్ బర్చ్. వాళ్ళ పాత ఆల్బమ్ ‘ఇన్ రాక్’ నుంచీ వాళ్ళతో ఉన్న ఇంజనీర్. ఆల్బమ్ మీద ప్రొడ్యూసర్‌గా బ్యాండ్ పేరే ఉంటుంది, బర్చ్‌ది ఇంజనీర్ అని మాత్రమే. నన్నడిగితే అది అన్యాయం. తర్వాత ఆయనే రెయిన్‌బో, వైట్‌స్నేక్, బ్లాక్ సబాత్‌కి ‘హెవెన్ అండ్ హెల్’, 1981 నుంచి 1992 దాకా ఐరన్ మెయిడెన్, అన్నీ చేశాడు. ఆ రికార్డులన్నింట్లో ఒక గుణం ఉంటుంది. ఎంత గోల చేసినా ప్రతి వాయిద్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. ఆయన 2020లో పోయాడు.

తీగలపిచ్చి:
మాస్టారూ, అయితే నా మాటే నిజమైంది కదా. కారిడార్ శబ్దాన్ని చంపడానికే అంత కష్టపడ్డారంటే, సౌండ్ కారిడార్‌ది ఎలా అవుతుంది? ఇంకో పాయింట్. హోటల్ కథకి అందరూ ఉదాహరణగా చెప్పేది ‘స్మోక్ ఆన్ ద వాటర్’. అసలు దాని బేసిక్ ట్రాక్, అంటే గొంతు కలపకముందు వాయిద్యాల పునాది, ఆ హోటల్లో రికార్డ్ చేసిందే కాదు!

కొత్తకుర్రాడు:
ఏంటి?? మరెక్కడ?

బేస్‌బాబు:
పెవిలియన్ అనే థియేటర్‌లో. కెసీనో పోయాక నాబ్స్ వాళ్ళకి మొదట చూపించిన చోటు అది, ఊరి మధ్యలో ఉంటుంది. గిటారిస్టు బ్లాక్‌మోర్ దగ్గర ఒక రిఫ్ ఉంది, దానికి పేరు లేదు, మాటలు లేవు. రాత్రిపూట దాన్ని రికార్డ్ చేయడం మొదలుపెట్టారు. హాలు బ్రహ్మాండంగా మోగుతోంది, కాకపోతే ఊరంతటికీ వినిపిస్తోంది. చుట్టుపక్కల వాళ్ళు నిద్రల్లేక పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చి తలుపు బాదుతుంటే బ్యాండ్ సామాను మోసే కుర్రాళ్ళు లోపలి నుంచి తలుపు అదిమిపట్టుకున్నారట, టేక్, అంటే ఆ విడత రికార్డింగ్, పూర్తయ్యేదాకా. పూర్తయ్యాకే తీశారు. ఆ రాత్రితో పెవిలియన్ బంద్.

తర్వాత కొన్ని రోజులు వెతికితే దొరికింది గ్రాండ్ హోటల్. మిగతా ఆరు పాటలూ అక్కడివే. మొత్తం రికార్డింగ్ డిసెంబర్ 6 నుంచి 21 వరకు.

తీగలపిచ్చి:
అదే నేను చెప్పేది. ‘హైవే స్టార్’ విని వెంటనే ‘స్మోక్’ వినండి. నాకైతే ‘స్మోక్’లో డ్రమ్స్ చుట్టూ కొంచెం గాలి వినిపిస్తుంది. మిగతావాటిలో ఊపిరాడదు. చోట్లు రెండైనా ఊపు ఒక్కటే. ఊపు బ్యాండ్‌ది. చర్చ ముగిసింది :)

హామండ్ అక్క:
అప్పుడే ముగించకు తమ్ముడూ, ఇంకా ఆర్గన్ ఊసే ఎత్తలేదు ఎవరూ.

‘మెషీన్ హెడ్’ అనగానే అందరికీ గిటార్ గుర్తొస్తుంది. ఆ గిటార్ అంత లావుగా వినపడటానికి సగం కారణం బ్యాండ్‌లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్. మామూలుగా హామండ్ ఆర్గన్‌ని లెస్లీ అనే తిరిగే స్పీకర్‌లోంచి వినిపిస్తారు. లార్డ్ దాన్ని మార్షల్ గిటార్ యాంప్‌కి తగిలించాడు. తియ్యగా ఊగే ఆర్గన్ కాస్తా గరగరలాడే ఇంకో గిటార్ అయిపోయింది. ‘స్మోక్’ మొదలు జాగ్రత్తగా వినండి. మొదట గిటార్ ఒక్కటే. తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు)తో పాటు అదే రిఫ్‌ని ఆర్గన్ అందుకుంటుంది. తర్వాత మిగతా డ్రమ్స్, ఆ తర్వాత బేస్. రిఫ్ మారలేదు, గిటార్ గట్టిగా వాయించిందీ లేదు. అయినా ఒక్కో మెట్టుకీ బరువు పెరుగుతూ పోతుంది. ఆ బరువులో సింహభాగం ఆర్గన్‌ది. ఆర్గన్ లేకుండా ఆ రిఫ్ వాయించే కవర్ బ్యాండ్‌లు సన్నగా వినపడటానికి అదే కారణం.

కొత్తకుర్రాడు:
అక్కా, నేను గిటార్ మొదలుపెట్టిందే ఆ రిఫ్‌తో. కానీ ఎంత వాయించినా రికార్డులో లాగా రావట్లేదు. మా సార్ పవర్ కార్డ్స్ అని నేర్పించారు. పిక్‌తో గట్టిగా కొడుతున్నా.

తీగలపిచ్చి:
పిక్ పక్కన పెట్టెయ్, పవర్ కార్డ్స్ కూడా. చాలామంది నేర్చుకునేది తప్పే. పవర్ కార్డ్‌లో కింద ‘సా’ పైన ‘పా’ ఉంటుంది. బ్లాక్‌మోర్ వాయించేది దాన్ని తిరగేసి, కింద ‘పా’ పైన ‘సా’. ఓపెన్ (ఎడమచేతి వేలు పెట్టని) డి తీగ, ఓపెన్ జి తీగ రెండూ కలిపి మీటాలి. తర్వాత అవే రెండు తీగలు 3వ ఫ్రెట్, 5వ ఫ్రెట్. మళ్ళీ ఓపెన్, 3, 6, 5. మళ్ళీ ఓపెన్, 3, 5, 3, ఓపెన్. అంతే, మొత్తం రిఫ్.

అసలు కిటుకు కుడిచేతిలో ఉంది. రెండు తీగల్నీ రెండు వేళ్ళతో ఒకేసారి లాగి వదలాలి. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతుంది. ఎంత వేగంగా కొట్టినా ఆ తేడా చెవికి తెలుస్తుంది. వేళ్ళతో లాగితే రెండూ ఒకేసారి, కత్తితో కోసినట్టు మొదలవుతాయి. ఎడమచేతి వేళ్ళు ఎత్తి ప్రతి స్వరాన్నీ పొట్టిగా ఆపెయ్యడం మర్చిపోకు. యాంప్‌లో గరగర పెంచే గెయిన్ తగ్గించు. నీ వయసులో అందరం గెయిన్ పదికి తిప్పేవాళ్ళమే.

కొత్తకుర్రాడు:
వామ్మో, ఇప్పుడే చేశాను. వచ్చింది!! ఇన్నాళ్ళూ టైం వేస్ట్.

జెప్పెలిన్ భక్తుడు:
అందరూ సెట్ అయ్యారుగా, ఇప్పుడు నేనొకటి అడుగుతా. అదే రోలింగ్ స్టోన్స్ ట్రక్కు, అదే ఏడాది మొదట్లో, హెడ్లీ గ్రాంజ్ అనే పాత బంగళా ముందు నిలబడింది. లోపల మావాళ్ళు, లెడ్ జెప్పెలిన్, నాలుగో ఆల్బమ్ చేస్తున్నారు. మా డ్రమ్మర్ బోన్‌హమ్ డ్రమ్స్‌ని హాల్లో మెట్ల కింద పెట్టి, మైకులు పై అంతస్తులోంచి వేలాడదీశారు. అలా వచ్చింది ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ డ్రమ్ సౌండ్. ట్రక్కు ఒకటే, పాత కట్టడమే, ఏడాది కూడా అదే. ఒకటి కొండల్లో పిడుగు పడినట్టు, ఇంకోటి మీ పరుపుల కొట్టు. దీన్నిబట్టి తేలేది ఏంటి? గది ముఖ్యమే. గదిని వాడుకోవడం చేతకావాలి, అంతే.

మైకు మాస్టారు:
భక్తుడు వెటకారంగా చెప్పినా ఇప్పటిదాకా వచ్చినవాటిలో గట్టి పాయింట్ ఇదే. కాకపోతే ‘చేతకావడం’ దగ్గర నేను ఒప్పుకోను. ఆ పాట నిదానంగా నడుస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య గది మోగడానికి చోటుంది. ‘హైవే స్టార్’ వేగంలో ఆ మెట్ల కింద డ్రమ్స్ పెడితే ఒక దెబ్బ మోత చావకముందే ఇంకోటి వచ్చి పడుతుంది, మొత్తం గంజి అయిపోతుంది. పైస్ చెయ్యి వేగం, స్నేర్ మీద అతను మధ్యమధ్య వేసే చిన్న చిన్న దెబ్బలు, అవన్నీ వినపడాలంటే గదిని చంపక తప్పదు. ఎవరి పాటకి తగ్గ నిర్ణయం వాళ్ళు తీసుకున్నారు.

తీగలపిచ్చికి కూడా ఒక మాట. బ్యాండ్‌దే అంతా అంటున్నావు. కారిడార్ చేసిన పని ఒకటుంది, అది శబ్దానికి సంబంధించింది కాదు. ట్రక్కు హోటల్ ముందు ఆగి ఉంది. బ్యాండ్ వాయిస్తున్న చోటు నుంచి తిన్నగా బయటికి దారి లేదు, అడ్డంగా సామాను, పరుపులు. ఒక టేక్ వాయించి, ఎలా వచ్చిందో విందామంటే గదుల్లోంచి దూరి, బాల్కనీల మీదుగా, మంచులో నడిచి, ఆవరణ దాటి ట్రక్కు ఎక్కాలి. విన్నాక మళ్ళీ అదే దారిన వెనక్కి. మొదట్లో రెండు మూడుసార్లు వెళ్ళి ఉంటారు. తర్వాత మానేశారు. బర్చ్ బాగుందంటే బాగున్నట్టే.

ఇది చిన్న విషయం అనిపిస్తుంది. మా పనిలో ఇది అన్నిటికన్నా పెద్దది. బ్యాండ్‌ని కంట్రోల్ రూంలో కూర్చోబెట్టి ప్రతి టేకూ వినిపిస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. బేసిస్టు తన బేస్ ఒక్కటే వింటాడు, డ్రమ్మర్ తన ఫిల్ ఒక్కటే వింటాడు. నాలుగో బారులో చిన్న తడబాటు ఉంది, ఇంకోసారి చేద్దాం అంటారు. పదో టేకుకి తడబాటు పోతుంది, దానితో పాటు ప్రాణం కూడా. అక్కడ అలా చేసే వీల్లేకుండా పోయింది. దాంతో చెవి టేపు మీద పెట్టకుండా పక్కవాడి మీద పెట్టి వాయించారు.

తీగలపిచ్చి:
మాస్టారూ, ఇది నేను ఎక్కడో చదివాను గానీ ఈ కోణంలో ఆలోచించలేదు. పోనీ, కారిడార్‌కి పది శాతం ఇస్తా.

హామండ్ అక్క:
పిసినారి. కనీసం పాతిక ఇవ్వు.

బేస్‌బాబు:
మిగతా తొంభై దేనికో నేను చెప్తా. పాటలు ముందే చేతిలో ఉన్నాయి. ‘హైవే స్టార్’ 1971 సెప్టెంబర్‌లో, పోర్ట్స్‌మత్‌లో కచేరీకి వెళ్తుంటే బస్సులోనే పుట్టింది. మీరు పాటలెలా కడతారని ఒక విలేకరి అడిగితే, ఇదిగో ఇలా అని బ్లాక్‌మోర్ గిటార్ అందుకున్నాడు, గాయకుడు గిలన్ నోటికొచ్చిన మాటలు పాడాడు. ఆ రాత్రే స్టేజి ఎక్కించారు. అదే నెలలో జర్మన్ టీవీ షో ‘బీట్ క్లబ్’లో వాయించినప్పటికి మాటలు ఇంకా పూర్తిగా కుదరలేదు, బండి మాత్రం పూర్తి వేగంలో ఉంది. ‘లేజీ’ కూడా రికార్డింగ్‌కి ముందే స్టేజి మీద నలిగిన పాట. డిసెంబర్‌లో కారిడార్‌లో చేసింది కొత్తగా కనిపెట్టడం కాదు, చేతికి అలవాటైనదాన్ని వాయించడం.

‘హైవే స్టార్’ సోలో గురించి కూడా. బ్లాక్‌మోర్ అంటే అప్పటికప్పుడు ఊహించి వాయించేవాడు అని పేరు. ఆ ఒక్క సోలో మాత్రం రికార్డింగ్‌కి ముందే స్వరం స్వరం లెక్కగా కట్టుకుని వచ్చాడు. బాక్ సంగీతంలో వినపడే వరసలు, వాటి మీద పరుగులు. రెండో గిటార్ కూడా తనే వాయించి కలిపాడు. ఆర్గన్ సోలో కూడా అదే పద్ధతిలో కట్టింది.

హామండ్ అక్క:
అవును. హెవీ మెటల్‌లో క్లాసికల్ పోకడలు పోయే గిటారిస్టులు తర్వాత ఎంతమంది వచ్చినా వాళ్ళ దారి ఆ పాటలోంచే మొదలవుతుంది. ఈ విషయంలో నాతో వాదించకండి.

కొత్తకుర్రాడు:
‘స్మోక్’కి మాటలు ఎప్పుడొచ్చాయి మరి? ట్రాక్ ముందే అయిపోయింది అన్నారుగా.

నల్లరేకు:
ఆఖర్లో. చివరి రోజుల్లో లెక్క వేస్తే ఆల్బమ్ కొన్ని నిమిషాలు తక్కువ పడింది. ఇంకో పాట కావాలి. కొత్తది కట్టే టైం లేదు. పెవిలియన్ రాత్రి చేసిన ట్రాక్ ఒకటి పడి ఉంది కదా, దానికి మాటలు రాద్దాం అనుకున్నారు. అగ్నిప్రమాదం అయిన కొన్ని రోజులకి బేసిస్టు రోజర్ గ్లోవర్ ఒక పొద్దున నిద్రలేస్తూనే ఆ పేరు పైకే అన్నాడట. గిలన్‌కి చెబితే ఇదేదో మత్తుమందుల పాటలా ఉంది, మనకొద్దు అన్నాడు. చివరికి ఇద్దరూ కూర్చుని జరిగింది జరిగినట్టు రాశారు. జాపా, ఫ్లేర్ గన్, నాబ్స్, స్టోన్స్ ట్రక్కు, చలికి వణికిన హోటల్, అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఆ పాట ఆ ఆల్బమ్ తయారీ డైరీ.

తమాషా ఏంటంటే దాని మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. సింగిల్‌గా ‘నెవర్ బిఫోర్’ని వదిలారు, అది ఇంగ్లండ్‌లో 35 దగ్గర ఆగింది. 1972 మార్చిలో ఆల్బమ్ వచ్చింది, ఇంగ్లండ్‌లో నంబర్ వన్. ‘స్మోక్’ని సింగిల్‌గా అమెరికాలో వదిలింది 1973లో, ఏడాది దాటాక. అది నాలుగో స్థానానికి వెళ్ళింది. అప్పటికి గిలన్, గ్లోవర్ బ్యాండ్‌లోంచి బయటికి నడుస్తున్నారు.

జెప్పెలిన్ భక్తుడు:
‘నెవర్ బిఫోర్’ని సింగిల్‌గా ఎంచుకున్నవాడి చెవులు పరీక్ష చేయించాలి.

బేస్‌బాబు:
ఇందులో మాత్రం భక్తుడితో ఏకీభవిస్తున్నా, తేదీ రాసుకోండి. ఆ సింగిల్ వెనకవైపు ఏముందో చూడండి, ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’. అదే సెషన్లలో చేసిన నిదానమైన పాట, గిలన్ గొంతులో అంత మెత్తదనం ఇంకెక్కడా వినం. ఆల్బమ్‌లో చోటివ్వలేదు. దాన్ని తీసి ‘నెవర్ బిఫోర్’ ఉంచడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మైకు మాస్టారు:
నాకు అర్థమవుతుంది. ఆల్బమ్ మొత్తం 37 నిమిషాల చిల్లర. ఎక్కడా కాలు ఆగదు. మధ్యలో ఆ పాట వస్తే గొప్ప పాటే గానీ బండి ఆగిపోతుంది. మంచి పాట తీసేయడం ఆల్బమ్‌కి మంచి చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

హామండ్ అక్క:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ‘లేజీ’ మొదట్లో లార్డ్ ఒక్కడే తీరిగ్గా వాయిస్తుంటే ఆగలేదా బండి? ఆ ఆగడంలోనే కదా అందం. ఎక్కడికి పోతున్నాడో తెలీదు, ఎప్పుడు బ్లూస్‌లోకి దిగుతాడో తెలీదు. గిలన్ పాడటానికి నోరు తెరిచేసరికి నాలుగు నిమిషాలు దాటుతుంది. మధ్యలో హార్మోనికా కూడా ఆయనదే. చోటు లేదనేది సాకు. ఆ పాట బ్లాక్‌మోర్‌కి నచ్చలేదని చాలాచోట్ల రాశారు, అసలు కారణం అదే అయ్యుంటుంది.

మైకు మాస్టారు:
అయ్యుండొచ్చమ్మా. బ్యాండ్‌లో గిటారిస్టుకి నచ్చకపోతే ఇంజనీర్ చెయ్యగలిగింది ఏమీ లేదు, అది మాత్రం అనుభవం మీద చెప్పగలను.

తీగలపిచ్చి:
‘మేబీ ఐ యామ్ ఎ లియో’ గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఆ రిఫ్ మొదటి బీట్ మీద మొదలవ్వదు. బీట్ పడ్డాక అడుగు పెడుతుంది. హార్డ్ రాక్ రిఫ్‌లు నూటికి తొంభై మొదటి బీట్ మీద ధన్‌మని పడతాయి. దీనికి ఆ కాస్త ఆలస్యం వల్లే ఒక నడక వచ్చింది. ఇలాంటిది ఒక్కొక్కరినీ విడివిడిగా రికార్డ్ చేసి అతికిస్తే రాదు. పైస్ స్నేర్ ఎక్కడ పడుతుందో గ్లోవర్‌కి కంటికి కనపడాలి.

మైకు మాస్టారు:
ఇప్పుడు దారిలోకి వచ్చావు. అందరూ కలిసి వాయిస్తే ఇంకో చిక్కుంది. గిటార్ శబ్దం డ్రమ్ మైకుల్లోకి లీక్ అవుతుంది. తర్వాత గిటార్ ఒక్కటీ మార్చాలంటే పాతది డ్రమ్ మైకుల్లో సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. అందుకే వాయించే నలుగురూ ఒకే టేకులో సరిగ్గా రావాలి. గొంతు, కొన్ని సోలోలు తర్వాత కలపొచ్చు గానీ కింద ఉన్న పునాది మాత్రం నలుగురిదీ కలిపి ఒకటే. 16 ట్రాకుల టేపు కాబట్టి తర్వాత కలపడానికి చోటుంది, పునాదిని సర్దడానికి వీల్లేదు. అలా కట్టుబడి చెయ్యడం ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు, కంప్యూటర్లో ఏ దెబ్బనైనా జరపొచ్చు. అందుకే ఇప్పటి హార్డ్ రాక్ ఆల్బమ్‌లు చాలావరకు నాకు ఇస్త్రీ బట్టల్లా కనిపిస్తాయి.

జెప్పెలిన్ భక్తుడు:
మాస్టారూ, ఇది వయసు మాట్లాడిస్తున్న మాట :)

మైకు మాస్టారు:
వయసూ ఉంది, చెవులూ ఉన్నాయి నాయనా.

నల్లరేకు:
ఏ వెర్షన్ వినాలో కూడా చెప్పుకుందాం, కొత్తవాళ్ళకి పనికొస్తుంది. 1997లో పాతికేళ్ళ సందర్భంగా రెండు సీడీల ఎడిషన్ వచ్చింది. అందులో గ్లోవర్ స్వయంగా చేసిన కొత్త మిక్స్ ఉంది. అసలు రికార్డులో ఫేడ్ అయిపోయే కొన్ని పాటలు అందులో ఇంకాస్త దూరం నడుస్తాయి. బ్యాండ్ గదిలో ఎలా ఆగేదో వినపడుతుంది. ‘బ్లైండ్ మ్యాన్’ కూడా ఉంది. 2024లో మరో పెద్ద పెట్టె వచ్చింది. దానికి కొత్త మిక్స్ చేసిందెవరనుకున్నారు? డ్వీజిల్ జాపా. ఫ్రాంక్ జాపా కొడుకు. తండ్రి సామాను కాలిపోయిన రాత్రి నుంచి పుట్టిన ఆల్బమ్‌ని కొడుకు చేతిలో పెట్టారు. ఆ పెట్టెలో 1971 ఏప్రిల్ నాటి మాంట్రూ కచేరీ కూడా ఉంది, కాలిపోక ముందు అదే కెసీనోలో వాయించింది.

నా ఓటు మాత్రం మొదటి ఇంగ్లీష్ ప్రెస్సింగ్‌కే, పర్పుల్ రికార్డ్స్ లేబుల్‌ది. ఖరీదు సంగతి అడక్కండి.

కొత్తకుర్రాడు:
ఆ ట్రక్కు ఇప్పుడు ఎక్కడుంది అన్నా? తుక్కు కింద అమ్మేశారా?

నల్లరేకు:
లేదు, భద్రంగా ఉంది. కెనడాలో కాల్గరీ నగరంలో నేషనల్ మ్యూజిక్ సెంటర్ వాళ్ళు బాగుచేయించి పెట్టుకున్నారు. కెసీనోని 1975లో మళ్ళీ కట్టారు. అందులో మౌంటెన్ స్టూడియోస్ అని పెట్టారు, 1979లో దాన్ని క్వీన్ బ్యాండ్ వాళ్ళు కొనుక్కున్నారు.

జెప్పెలిన్ భక్తుడు:
క్వీన్ పేరెత్తారు, ఇక ఈ చర్చ వంద పేజీలు పోతుంది.

తీగలపిచ్చి:
పోనివ్వం. మాస్టారూ, ఒక్కటి అడుగుతా. ఆ డిసెంబర్‌లో కెసీనో కాలిపోకుండా, అనుకున్నట్టే ఆ పెద్ద హాల్లో రికార్డ్ చేసి ఉంటే ఆల్బమ్ ఎలా ఉండేది?

మైకు మాస్టారు:
ఆరు పాటలు ఇవే ఉండేవి, ఇంతే బాగా వాయించేవాళ్ళు. బర్చ్ ఆ హాలుకి తగ్గట్టు మైకులు కొంచెం వెనక్కి జరిపేవాడు, డ్రమ్స్‌కి ఇంకాస్త గాలి ఉండేది. ట్రక్కు తలుపు పక్కనే ఉండేది కాబట్టి ప్రతి టేకూ వినేవాళ్ళు. కొన్ని మళ్ళీ చేసేవాళ్ళు. ‘హైవే స్టార్’ ఇప్పుడున్నదానికన్నా ఇంకొంచెం శుభ్రంగా, ఇంకొంచెం నీరసంగా ఉండేదని నా అనుమానం. ఏడో పాట మాత్రం ఉండేది కాదు. ఆ రిఫ్‌కి ఇంకేవో అమ్మాయి మాటలు రాసి ఉండేవాళ్ళు.

హామండ్ అక్క:
లేదా ఆ ఖాళీలో ‘బ్లైండ్ మ్యాన్’ పెట్టేవాళ్ళు!

బేస్‌బాబు:
అక్క వదలదు. కొత్తకుర్రాడూ, రిఫ్ వచ్చేసిందిగా, ఇప్పుడు ‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’ విను. మొదట్లో పైస్ డ్రమ్స్, మధ్యలో అందరూ ఆగి గ్లోవర్‌కి దారిచ్చే చోట చిన్న బేస్ సోలో ఉంటుంది. గిటార్ పక్కన పెట్టి బేస్ కొనుక్కోవాలనిపిస్తే నన్నడుగు.